అటక మీద తాతగారి ఆంధ్రా బ్యాంకు పాస్‌బుక్ దొరికింది. లక్ష రూపాయలతో మొదలైన బ్యాంకు అంత ఎలా పెరిగింది?

దివిసీమ_అమ్మాయి:

అందరికీ నమస్కారం. పోయిన వారం మా ఊళ్లో పాత ఇల్లు పడగొట్టే ముందు అటక మీది సామాను దించుతుంటే తాతగారి ట్రంకుపెట్టె అడుగున ఆంధ్రా బ్యాంకు పాస్‌బుక్ కనిపించింది. అట్ట రంగు వెలిసిపోయింది, సగం పేజీలు ఒకదానికొకటి అతుక్కుపోయాయి, అంచుల వెంబడి గోధుమరంగు నీటి మరక. 1977 ఉప్పెనప్పుడు ఆ పెట్టె రెండు రోజులు నీళ్లలోనే ఉందని నాన్న చెప్పారు. విప్పగలిగిన పేజీల్లో అంతా చేతిరాతే. తేదీ, జమ, ఖర్చు, నిల్వ, ప్రతి వరస చివర ఎవరిదో పొట్టి సంతకం. ఏటా సంక్రాంతి దాటాక కాస్త పెద్ద మొత్తం జమ అయింది, మళ్లీ జూన్, జూలై వచ్చేసరికి దాదాపు అంతా తీసేశారు. చివర మిగిలిన నిల్వ నాలుగు వందల చిల్లర.

నాకు ఆంధ్రా బ్యాంకు అంటే కాలేజీలో ఉన్నప్పటి ఏటీఎం కార్డు, తర్వాత 2020లో యూనియన్ బ్యాంకులో కలిపేశారన్న వార్త, అంతే తెలుసు. ఇప్పుడు ఈ పుస్తకం చేతిలో పెట్టుకుని కూర్చుంటే ఎన్నో ప్రశ్నలు. బందరులో ఒక డాక్టరు గారు లక్ష రూపాయలతో పెట్టారని విన్నాను, నిజమేనా? ఒక ఊళ్లో పుట్టిన బ్యాంకు వేల బ్రాంచీల దాకా ఎలా వెళ్లింది? మా తాతగారిలాంటి రైతు అసలు ఎందుకు నమ్మి డబ్బు దాచుకున్నాడు? అంత పెరిగినది చివరికి పేరు కూడా లేకుండా ఎందుకు పోయింది? తెలిసినవాళ్లు కాస్త ఓపిగ్గా చెప్పండి. అలాగే ఆ నాలుగు వందలు ఇప్పుడు ఏమైనట్టు? డబ్బు కోసం కాదు, ఆ ఖాతా ఎక్కడైనా ఉందా లేదా తెలుసుకోవాలని ఉంది.

కొల్లేటి_గట్టు:

మంచి ప్రశ్న వేశారండీ. లక్ష నిజమే. అధీకృత మూలధనం (షేర్లు అమ్మి సేకరించడానికి అనుమతి ఉన్న మొత్తం) 10 లక్షలు, చెల్లించిన మూలధనం (వాటాదారులు నిజంగా కట్టినది) మాత్రం 1 లక్ష. 1923 నవంబరు 20న రిజిస్టరైంది, 28న మచిలీపట్నంలో వ్యాపారం మొదలుపెట్టింది. పెట్టినవారు డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు. ఆయన పుట్టింది గుండుగొలను, వైద్యం చదివింది మద్రాసులో, ప్రాక్టీసు పెట్టింది బందరులో. చాలామందికి ఆయన 1939లో కాంగ్రెస్ అధ్యక్ష పదవికి సుభాష్ చంద్రబోస్ మీద పోటీ చేసి ఓడిపోయిన మనిషిగానే గుర్తు, అది నాకు ఎప్పుడూ బాధగా ఉంటుంది. ఆయన చేసిన పనుల్లో బ్యాంకు ఒక్కటే కాదు. 1910లో బందరులో జాతీయ కళాశాల పెట్టినవాళ్లలో ఒకరు, 1915లో కృష్ణా సహకార కేంద్ర బ్యాంకు, 1925లో ఆంధ్రా ఇన్సూరెన్స్, 1929లో భారత లక్ష్మీ బ్యాంకు. ఒక ఊరి డాక్టరు పదిహేనేళ్లలో మూడు డబ్బు సంస్థలు కట్టాక కూడా నాలుగోదానికి పూనుకున్నాడంటే ఆ ప్రాంతానికి అవసరం ఎంత ఉండేదో ఆలోచించండి.

ఆ అవసరం ఏమిటో మీ తాతగారి పాస్‌బుక్కే చెబుతోంది. సంక్రాంతి తర్వాత జమ, ఊడ్పుల ముందు ఖాళీ. డెల్టా బతుకంతా అదే. బెజవాడ దగ్గర ఆనకట్ట 1855లో పూర్తయ్యాక కృష్ణా డెల్టాలో వరి బాగా పెరిగింది, కోతలయ్యాక కొంతమంది చేతిలో డబ్బు మిగలడం మొదలైంది. మిగిలినవాళ్లు ఏం చేసేవాళ్లు? బంగారం కొనేవాళ్లు, పొలం కొనేవాళ్లు, లేదా ప్రోనోటు రాయించుకుని అప్పిచ్చేవాళ్లు. లేనివాళ్లు అదే ఊళ్లో నూటికి రెండు, మూడు రూపాయల నెల వడ్డీకి తెచ్చుకునేవాళ్లు, అంటే ఏడాదికి 24, 36 శాతం. ఒకే తాలూకాలో ఒకరి దగ్గర డబ్బు ఊరికే పడి ఉంది, ఇంకొకరు అదే డబ్బు కోసం పొలం కాగితాలు తాకట్టు పెడుతున్నారు. మధ్యలో లేనిదల్లా ఇద్దరూ నమ్మే ఒక చోటు.

ఆ నమ్మకం తేలిగ్గా వచ్చే రోజులు కూడా కావవి. 1906 అక్టోబరులో మద్రాసులో అర్బత్‌నాట్ కంపెనీ కుప్పకూలి మద్రాసు రాష్ట్రమంతటా మధ్యతరగతి కుటుంబాలు దాచుకున్నదంతా పోగొట్టుకున్నాయి. దొరల కంపెనీ కదా, మునగదులే అనుకున్న వాళ్లకు అది పెద్ద దెబ్బ. మరుసటి ఏడాదే, 1907లో, మద్రాసులో ఇండియన్ బ్యాంకు పుట్టింది ఆ కసితోనే. బందరు బ్యాంకు కూడా ఆ స్వదేశీ గాలిలో పుట్టిన బిడ్డే. అప్పటికి రిజర్వు బ్యాంకు లేదు (అది 1935లో వచ్చింది), డిపాజిట్లకు బీమా లేదు. బ్యాంకు నడిపేది ఎవరు, వాళ్ల మాట ఎలాంటిది అన్నదే పూచీ. ఊళ్లో అందరికీ నాడి చూసి మందిచ్చిన డాక్టరు గారు ముందు నిలబడడం ఎంత బలమో ఇప్పుడు మనకు ఊహకు రాదు.

ఇక ఎలా పెరిగింది అన్నదానికి వస్తే, నేను నమ్మేది ఒకటుంది. ఒకే ప్రాంతంలో ఉండే బ్యాంకుకు పెద్ద ఇబ్బంది ఏమిటంటే, ఖాతాదారులందరికీ ఒకేసారి డబ్బు కావాలి, ఒకేసారి డబ్బు వస్తుంది. జూన్ వస్తే రైతులంతా డిపాజిట్ తీస్తారు, వాళ్లే అప్పు కూడా అడుగుతారు. వరద వచ్చి ఒకరి చేను మునిగితే పక్కవాడిదీ మునుగుతుంది, బాకీలన్నీ ఒకే ఏడాది ఆగిపోతాయి. కాబట్టి డెల్టా బ్యాంకు డెల్టాలోనే కూర్చుంటే ఎప్పుడో ఒక ఉప్పెనలో పోతుంది. వరి పండే చోటుతో పాటు పొగాకు, మిర్చి పండే గుంటూరు వైపు, వేరుశనగ పండే సీమ వైపు, జీతాలు, వ్యాపారం ఉండే పట్టణాలకూ వెళ్లి తీరాలి. ఒక చోట డబ్బు బయటికి పోతున్న నెలలో ఇంకో చోట లోపలికి రావాలి. బ్రాంచీలు పెంచడం గొప్ప కోసం అని చాలామంది అనుకుంటారు కానీ, ఇలాంటి బ్యాంకుకు అది ప్రాణం నిలబెట్టుకునే పని.

ఇంకో మాట చెప్పి ఆపుతాను. ఆ బోర్డు మీద 'ఆంధ్రా' అని రాసిన నాటికి ఆంధ్ర అనే రాష్ట్రం లేదు. అది 1953 అక్టోబరు 1న వచ్చింది. అంటే రాష్ట్రం కంటే 30 ఏళ్ల ముందే ఆ పేరుతో చెక్కులు చెలామణి అయ్యాయి. నాకు ఆ పేరు మీద ఉన్న మమకారానికి సగం కారణం ఇదే.

పాత_లెడ్జర్:

అమ్మా, మీ పోస్టు చదివి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. ఆ పొట్టి సంతకాలు పెట్టినవాళ్లలో నేనూ ఒకణ్ని కావచ్చు, లేకపోతే నాలాంటివాడు ఇంకొకడు. నేను 1973లో చేరాను, అప్పటికి ఇంకా ప్రైవేటు బ్యాంకే. మొదటి పోస్టింగు పల్లెటూరి బ్రాంచి, మొత్తం ఆరుగురం.

పై గారు చెప్పిన చరిత్రకు మధ్యలో ఒక ముక్క కలుపుతాను. 1960లో కేరళలో పాలై సెంట్రల్ బ్యాంకు మూతపడింది. దాని తర్వాత డిపాజిట్ బీమా వచ్చింది, 1962 నుంచి, మనిషికి 1,500 రూపాయల దాకా. ఇప్పుడది 5 లక్షలు. అదే సమయంలో చిన్న చిన్న బ్యాంకులను పెద్దవాటిలో కలిపించడం మొదలైంది. 1951లో దేశంలో 566 బ్యాంకులు ఉండేవి, 1969కి వంద లోపుకు వచ్చేశాయి. ఆ ఊపులోనే 1964లో భారత లక్ష్మీ బ్యాంకు మా బ్యాంకులో కలిసింది. అదీ పట్టాభి గారు పెట్టిందే, ఇదీ ఆయన పెట్టిందే. పట్టాభి గారు అప్పటికి లేరు, 1959 డిసెంబరులో పోయారు. అంటే కలిసిపోవడం అనేది మా బ్యాంకుకు 2020లో కొత్తగా వచ్చింది కాదు. అప్పుడు మాలో కలిశారు, తర్వాత మేం కలిశాం. భారత లక్ష్మీ బోర్డు దించినప్పుడు వాళ్ల సిబ్బందికి ఎలా ఉండి ఉంటుందో మా బోర్డు దించిన రోజు దాకా నాకు తట్టలేదు.

1969లో 50 కోట్లకు పైగా డిపాజిట్లున్న 14 బ్యాంకులను జాతీయం చేశారు. మేం ఆ లెక్కలోకి రాలేదు. 1980 ఏప్రిల్ 15న రెండోసారి ఆరు బ్యాంకులను తీసుకున్నప్పుడు గీత 200 కోట్లు, అప్పుడు మేం దాటి ఉన్నాం. ఆ మధ్య కాలంలో, నేను చేరినప్పటి నుంచి, బ్యాంకు ఎలా పెరిగిందో కళ్లారా చూశాను. ఒక్క మాటలో చెప్పాలంటే కాళ్లతో పెరిగింది. కోతలు అయ్యేసరికి మా ఏజెంటు గారు (అప్పట్లో మేనేజర్ని అలాగే అనేవాళ్లు) సైకిలు మీద కళ్లాల దగ్గరికి వెళ్లేవారు. ధాన్యం కాటా వేస్తుంటే పక్కన నిలబడి, డబ్బు చేతికి రాగానే 'కొంత బ్యాంకులో వేయండి, ఊడ్పులకు ఉంటుంది' అని చెప్పేవారు. మీ తాతగారి జనవరి, ఫిబ్రవరి జమలు అలా వచ్చినవే అయ్యుంటాయి.

పొద్దున పది నుంచి రెండు దాకా కౌంటర్. చెక్కు గానీ విత్‌డ్రాయల్ ఫారం గానీ ఇస్తే ఇత్తడి టోకెను ఇచ్చేవాళ్లం, నంబరు గట్టిగా పిలిచేవాళ్లం. ఆ టోకెను గుప్పిట్లో పట్టుకుని పట్టుకుని చెమటకు అరచెయ్యి ఇత్తడి వాసన వచ్చేది, తిరిగి తీసుకునేటప్పుడు మాకు కూడా. రెండు దాటాక అసలు పని. ప్రతి ఖాతాకు లెడ్జరులో ఒక పేజీ, ఆ రోజు వోచర్లన్నీ అందులోకి ఎక్కించాలి, డే బుక్ రాయాలి, క్యాష్ టాలీ కావాలి. పది పైసలు తేడా వచ్చినా ఇంటికి వెళ్లేది లేదు. ఒకసారి తొమ్మిది రూపాయల తేడా కోసం రాత్రి పదకొండు దాకా వెతికితే చివరికి ఎవరో 54ని 45 అని రాశారని దొరికింది. తేడా తొమ్మిదితో భాగించబడితే అంకెలు తారుమారయ్యాయని అర్థం, ఇది నాకు నేర్పింది మా హెడ్ క్యాషియరు గారు. నెలాఖరు బ్యాలెన్సింగ్ అయితే ఆదివారాలు కూడా.

అప్పుల సంగతికొస్తే, పంట లోనుకు ఏ పంటకు ఎకరానికి ఎంత ఇవ్వాలో జిల్లాలో కమిటీ లెక్క కట్టేది. కానీ కాగితం కంటే ముందు మనిషి తెలిసేవాడు. ఎవరు వడ్డీ కట్టి తిరగరాసుకుంటారు, ఎవరు కౌలుకు చేస్తున్నారు, ఎవరింట్లో పెళ్లి ఉంది, అన్నీ తెలుసు. బంగారం లోను అయితే అప్రైజరు గీటురాయి మీద గీసి చూసి, తూకం వేసి, సంచిలో పెట్టి సీలు వేసేవాడు. ఆడవాళ్లు ఆ సంచిని సేఫ్‌లో పెట్టేదాకా కౌంటర్ దగ్గరే నిలబడి చూసేవాళ్లు. ఆ చూపుకు జవాబుదారీగా ఉండాలన్నదే మా ఉద్యోగం అని నాకు అప్పుడే అర్థమైంది.

ఇక మీ ఖాతా. ఖాతా ఊరికే పోదమ్మా. పదేళ్లు లావాదేవీ లేకపోతే ఆ డబ్బును బ్యాంకు రిజర్వు బ్యాంకు దగ్గరున్న డిపాజిటర్ల నిధికి పంపిస్తుంది, 2014 నుంచి ఈ పద్ధతి. అక్కడికి వెళ్లినా వారసులు అడిగితే బ్యాంకు ఇవ్వాల్సిందే, గడువంటూ లేదు. రిజర్వు బ్యాంకు వాళ్లదే 'ఉద్గం' అని ఒక పోర్టల్ ఉంది, 2023లో పెట్టారు, అందులో తాతగారి పేరుతో వెతకవచ్చు. అయితే అంత పాత చేతిరాత ఖాతాలు కంప్యూటర్లోకి ఎక్కేటప్పుడు పేరు ఇంకోలా పడి ఉండొచ్చు. కాబట్టి పాస్‌బుక్ తీసుకుని అదే ఊరి బ్రాంచికి, ఇప్పుడు యూనియన్ బ్యాంకు బోర్డు ఉంటుంది, నేరుగా వెళ్లడం మంచిది.

సోమవారం_సంత:

నాకు కాస్త వేరే అభిప్రాయం ఉంది, ఎవరూ బాధపడొద్దు. మా నాన్న కూడా ఆ బ్యాంకు ఖాతాదారే. కానీ 'ఢిల్లీ వాళ్లు మన బ్యాంకును మింగేశారు' అని అందరూ అంటుంటే నాకు సగమే నిజం అనిపిస్తుంది. 2017-18, 2018-19 రెండేళ్లూ వేల కోట్ల నష్టం చూపించింది ఆంధ్రా బ్యాంకు. 2019 మార్చి నాటికి ఇచ్చిన అప్పుల్లో 16 శాతం పైన మొండి బకాయిలే. ప్రభుత్వ బ్యాంకులన్నిటినీ అప్పట్లో దెబ్బతీసింది ఎక్కువగా పెద్ద పెద్ద కంపెనీలకు ఇచ్చినవి, విద్యుత్తు, స్టీలు, రోడ్లు లాంటివి. కళ్లం దగ్గర నిలబడి మనిషిని చూసి అప్పిచ్చిన బ్యాంకు, ఎప్పుడూ చూడని ప్రాజెక్టుకు పది బ్యాంకులతో కలిసి గుంపులో వందల కోట్లు ఇచ్చేదాకా వెళ్లింది. కొల్లేటి గట్టు గారు చెప్పినట్టు పెరగడం ప్రాణం నిలబెట్టుకోవడానికే, కానీ ఎంత దాకా అన్నది ఎవరు చెప్పాలి? గుంటూరు మిర్చి రైతుకు ఇవ్వడం వేరు, ముఖం తెలియని కంపెనీకి ఇవ్వడం వేరు. నా దృష్టిలో అసలు పేరు పోయింది అప్పుడే, బోర్డు తర్వాత దించారు.

ఇంకో సవరణ. దేశంలో మొదటి క్రెడిట్ కార్డు ఆంధ్రా బ్యాంకుదే అని చాలాచోట్ల రాస్తుంటారు. సెంట్రల్ బ్యాంకు 1980లో తెచ్చింది, ఆంధ్రా బ్యాంకు 1981లో. మొదటిది కాకపోయినా అంత ముందే పూనుకోవడం గొప్పే, ఉన్నది ఉన్నట్టు చెప్పుకుంటే చాలు.

పాత_లెడ్జర్:

సోమవారం సంత గారూ, మీరన్నది కాదనలేను. నేను రిటైరయ్యే ముందు పెద్ద లోన్ల ఫైళ్లు చూశాను, వాటిలో ఒక్క మనిషి ముఖం కూడా నాకు తెలియదు. అయితే ఒకటి మాత్రం కలపండి. ఆ మొండి బకాయిల భారం మోసింది పల్లె బ్రాంచీలే. అక్కడి రైతు తిరగరాసుకుంటూ వడ్డీ కడుతూనే ఉన్నాడు, చేనేత గుంపులు, డ్వాక్రా ఆడవాళ్లు కిస్తీలు కడుతూనే ఉన్నారు. వాళ్లు చేసిన తప్పేమీ లేదు.

నాంపల్లి_స్టేషన్:

హైదరాబాదు నుంచి. మాకూ ఇలాంటి కథే ఒకటి ఉంది కాబట్టి రాస్తున్నా. 1941లో నిజాం కాలంలో హైదరాబాద్ స్టేట్ బ్యాంకుగా మొదలై, ఉస్మానియా సిక్కా నోట్ల వ్యవహారం కూడా చూసి, 1956లో స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ అయ్యింది. 2017 ఏప్రిల్ 1న ఎస్‌బీఐలో కలిసింది. మా అమ్మ టీచరు, జీతం ముప్పై ఏళ్లు ఎస్‌బీహెచ్‌లోనే పడింది. ఇప్పటికీ 'హైదరాబాద్ బ్యాంకుకు పోయొస్తా' అనే అంటుంది.

ఆంధ్రా బ్యాంకు సైఫాబాద్‌లో పెద్ద ఆఫీసు, డాక్టర్ పట్టాభి భవన్, మా బస్సు రూటులోనే. 2019 ఆగస్టు 30న విలీనం ప్రకటించాక ఉద్యోగులు నిరసనలు చేశారు, కనీసం పేరైనా ఉంచమని అడిగారు. 2020 ఏప్రిల్ 1న విలీనం జరిగిన రోజు దేశమంతా లాక్‌డౌన్. దాదాపు 2,900 బ్రాంచీలున్న బ్యాంకు పోతుంటే బ్రాంచి దగ్గర నిలబడి చూద్దామన్నా బయటికి వెళ్లే వీల్లేదు. నాకు ఆ సంగతి ఇప్పటికీ గుండెల్లో గుచ్చుకుంటుంది. 1,000 ఆంధ్రా బ్యాంకు షేర్లకు 325 యూనియన్ బ్యాంకు షేర్లు ఇచ్చారు. ఏడాది తర్వాత పాత చెక్కు పుస్తకాలు, ఏఎన్‌డీబీతో మొదలయ్యే ఐఎఫ్ఎస్‌సీ కోడ్లు కూడా ఆగిపోయాయి.

కొల్లేటి_గట్టు:

లాక్‌డౌన్ సంగతి భలే గుర్తు చేశారు. ఆ రోజు నేను టీవీలో స్క్రోలింగ్ చూశాను, అంతే. ఇంకోటి, ఆంధ్రా బ్యాంకు నీడన నడిచిన చైతన్య గోదావరి గ్రామీణ బ్యాంకు కూడా 2025 మే 1 నుంచి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులో కలిసిపోయింది. రాష్ట్రానికి ఒకటే గ్రామీణ బ్యాంకు అన్నారు. దివిసీమ అమ్మాయి గారూ, ఆ పాస్‌బుక్ పేజీలు బలవంతంగా విడదీయకండి, చిరుగుతాయి. ఎండలో కాకుండా నీడలో ఆరనిచ్చి, విప్పగలిగినవరకు ఫోటోలు తీసి పెట్టుకోండి.

దివిసీమ_అమ్మాయి:

ఇంత రాస్తారని అనుకోలేదు, అందరికీ చాలా చాలా థాంక్స్. మీ పోస్టులన్నీ నాన్నకు చదివి వినిపించాను. ఏజెంటు గారు కళ్లం దగ్గరికి సైకిలు మీద రావడం నాన్నకు గుర్తుందట, ఆయనకు కొబ్బరిబోండం కొట్టిచ్చేది తనేనట. ఉప్పెన తర్వాత తాతగారు మళ్లీ ఆ బ్రాంచికి వెళ్లలేదని, ఆ ఏడు మొత్తం ఇల్లు నిలబెట్టుకోవడంతోనే సరిపోయిందని కూడా చెప్పారు. పాస్‌బుక్‌లో చివరి తేదీ 1977 జూలై 11, ఇప్పుడు చూస్తే అర్థమవుతోంది. ఉద్గంలో వెతికాను, రాలేదు. శనివారం నాన్నను తీసుకుని బ్రాంచికే వెళ్తాను.

పాత_లెడ్జర్:

వచ్చేది రెండో శనివారమమ్మా, బ్యాంకు ఉండదు. సోమవారం వెళ్లండి, అదీ పదకొండు దాటాక, మొదటి గంట రద్దీగా ఉంటుంది. తాతగారి మరణ ధ్రువపత్రం, నాన్నగారి ఆధార్, కుటుంబ సభ్యుల సర్టిఫికెట్ పట్టుకెళ్లండి. ఇంత చిన్న మొత్తానికి కోర్టు కాగితాలు అడగరు, ఇండెమ్నిటీ బాండు (తర్వాత ఇంకెవరైనా ఆ డబ్బు తమదంటే బాధ్యత మాదే అని రాసిచ్చే కాగితం) రాయించుకుంటారు. కౌంటర్లో పిల్లలు అంత పాత పుస్తకం చూసి కంగారు పడతారేమో, మేనేజర్ గారినే కలిసి 'పాత సేవింగ్స్ లెడ్జరు, ఫోలియో నంబరు' అని అడగండి. ఫోలియో అంటే లెడ్జరులో మీ తాతగారి ఖాతా ఉన్న పేజీ. ఆ నంబరు పాస్‌బుక్ మొదటి పేజీలో కుడివైపు పైన, ఎర్ర సిరాతో ఉండాలి. మేం అక్కడే రాసేవాళ్లం.